ఎప్పుడూ టైంకి వచ్చే పీరియడ్స్ ఆరేడు నెలలుగా గాడి తప్పాయి. పీసీఓడీయేనా, ఇంకేమైనా కారణం ఉంటుందా?

మణికొండ_నైట్‌షిఫ్ట్
నాకు 29, పెళ్లి కాలేదు. మెచ్యూర్ అయిన కొత్తలో తప్ప నా డేట్ ఎప్పుడూ పెద్దగా అటూ ఇటూ అయింది లేదు. ఆరేడు నెలల నుంచి ఏం జరుగుతోందో అర్థం కావట్లేదు. ఒకసారి నలభై రోజులు దాటినా రాదు, తర్వాత మూడు వారాలకే వచ్చేస్తుంది. వచ్చినా కొంచెం కనిపించి ఆగిపోతోంది. స్కానింగ్ తీసి "నీటి బుడగలు ఉన్నాయి, పీసీఓడీ" అన్నారు. మూడు నెలలకి హార్మోన్ మాత్రలు రాశారు, రక్త పరీక్ష ఒక్కటీ రాయలేదు. నాకు బరువు పెరగలేదు, మొటిమల్లేవు, గడ్డం దగ్గర వెంట్రుకల్లేవు. అమ్మేమో ఫోన్ చేసినప్పుడల్లా "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అంటోంది. మాత్రల స్ట్రిప్ ఇంకా విప్పలేదు. వేసుకోనా, ఇంకో చోట చూపించుకోనా?

కందిపచ్చడి
పేరులోనే కారణం ఉంది కదా. నైట్ షిఫ్ట్. నేను రెండేళ్లు చేశాను, ఆ రెండేళ్లూ నా డేట్ నాకే తెలిసేది కాదు. డే షిఫ్ట్‌కి మారాక మళ్లీ దారిలో పడింది. మేనేజర్‌తో మాట్లాడి షిఫ్ట్ మార్పించుకో ముందు.

ఉప్పాడ_చీర
నైట్ షిఫ్ట్ ఒక కారణం కావచ్చు, అదొక్కటే అని తేల్చేయకండి. ఇక స్కానింగ్ సంగతి. బుడగలు కనిపించినంత మాత్రాన పీసీఓఎస్ (మనం పీసీఓడీ అనేది దీన్నే) అయిపోదు. 2003లో రోటర్‌డామ్‌లో పెట్టుకున్న ప్రమాణాల ప్రకారం మూడిట్లో రెండైనా ఉండాలి: డేట్ క్రమం తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువైన గుర్తులు, స్కానింగ్‌లో అండాశయాలు అలా కనిపించడం. అవి ఉన్నా థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాల హార్మోన్) తేడాల లాంటివి కాదని తేలాకే ఆ పేరు పెట్టాలి. నాకు నిజంగానే పీసీఓఎస్ ఉంది కాబట్టి ఇదంతా నోటికి వచ్చు. ఆ "బుడగలు" కూడా సిస్టులు కావు, ఎదగకుండా ఆగిపోయిన అండాల సంచులు. ఆరోగ్యంగా ఉన్న చాలామంది అమ్మాయిల్లో కూడా అలాగే కనిపిస్తాయి.

వేపచెట్టు
ఇంత కంగారు దేనికి? నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి చేసుకుని రోజూ ఒక ఉండ తినండి. మా ఇళ్లల్లో పెద్దమనిషి అయిన పిల్లకి మొదట పెట్టేదే అది. బొప్పాయి కూడా. ఇంగ్లీషు మాత్రల జోలికి పోవద్దు.

ఉప్పాడ_చీర
చిమ్మిలి నాకూ ప్రాణం, తినమనే చెప్తాను. కానీ థైరాయిడ్ వల్ల తప్పిన డేట్‌ని నువ్వులు తీసుకురావు కదా అత్తయ్యా.

వేపచెట్టు
తీసుకురాకపోయినా చెడు చేయవు. ఒళ్లు గట్టిపడుతుంది.

పెళ్లికూతురు_2.0
బరువు గురించి ఎవరూ అడగలేదేంటి? అందరూ బరువు పెరిగితేనే తప్పుతుంది అనుకుంటారు. నాకు తగ్గినప్పుడు తప్పింది. పెళ్లికి ముందు లెహంగాలో సన్నగా కనిపించాలని అన్నం పూర్తిగా మానేసి, పొద్దున జిమ్, సాయంత్రం జుంబా. పీరియడ్స్ మొత్తానికే ఆగిపోయాయి. ఒంటికి సరిపడా తిండి అందకపోతే మెదడు ముందు ఈ పనిని ఆపేస్తుందని డాక్టరమ్మ చెప్పారు. మళ్లీ కడుపు నిండా తిని, వ్యాయామం తగ్గించాక గానీ రాలేదు. అప్పటిదాకా ఎముకలు కూడా బలహీనపడతాయట, ఈస్ట్రోజన్ తగ్గిపోతుంది కాబట్టి.

కందిపచ్చడి
లెహంగా సరిపోయిందా మరి?

పెళ్లికూతురు_2.0
సరిపోయింది. ఇప్పుడది మా చెల్లికి సరిపోతోంది, తను మాత్రం ఇడ్లీ మానలేదు.

స్టాఫ్‌నర్స్_కాకినాడ
గైనిక్ వార్డులో చాలా ఏళ్లుగా చేస్తున్నాను, నాకు తెలిసింది చెప్తాను. ముందు లెక్క సరి చూసుకోండి. బ్లీడింగ్ మొదలైన రోజు నుంచి మళ్లీ మొదలైన రోజు వరకు లెక్కపెట్టాలి. చాలామంది ఆగిన రోజు నుంచి లెక్కేసి "ఇరవై రోజులకే వచ్చేసింది" అని భయపడుతూ వస్తారు. పెద్దవాళ్లలో 24 నుంచి 38 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలే. నెలకీ నెలకీ వారం లోపు తేడా కూడా మామూలే. మణికొండ అమ్మాయి చెప్పింది మాత్రం ఆ హద్దు దాటింది, చూపించుకోవాల్సిందే.

ఈ వ్యవహారం అంతా గర్భసంచిలో మొదలవదు, మెదడులో మొదలవుతుంది. మెదడులో హైపోథాలమస్ అనే భాగం నుంచి దాని కిందున్న పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి అండాశయానికి కబురు వెళ్తుంది. అండం విడుదలైన సుమారు రెండు వారాలకి డేట్ వస్తుంది. అంటే డేట్ లేటయిందంటే చాలాసార్లు అండమే లేటుగా విడుదలైందని, లేదా ఆ నెల విడుదలే కాలేదని అర్థం. నిద్ర, టెన్షన్, తిండి, జ్వరం, థైరాయిడ్, మందులు, ఏవైనా ఆ కబురుకి అడ్డం పడొచ్చు. అందుకే ఒక్క స్కానింగ్‌తో తేల్చడం నాకు నచ్చదు.

మణికొండా, నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పు. ఈ ఆరేడు నెలల్లో ఏ మాత్రలైనా కొత్తగా మొదలుపెట్టావా? గ్యాస్‌కైనా, నిద్రకైనా, జుట్టుకైనా సరే. రొమ్ముల నుంచి పాలలాంటిది ఏమైనా వస్తోందా? తలనొప్పి, పక్క నుంచి వచ్చే బండి కనపడకపోవడం లాంటివి ఉన్నాయా? ఇది అందరినీ అడుగుతాం, ఏమీ అనుకోకు, ప్రెగ్నెన్సీకి అవకాశం ఉందా? ఉంటే మూత్రం కిట్ టెస్టే మొదటిది. చెప్పుకోవడం ఇష్టం లేకపోతే ఇక్కడ రాయక్కర్లేదు, టెస్ట్ మాత్రం చేసుకో.

అనకాపల్లి_బెల్లం
నర్సు గారూ, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా పాపకి 13, మెచ్యూర్ అయి ఏడాది. రెండు నెలలకోసారి వస్తోంది. పక్కింటావిడ అప్పుడే పీసీఓడీ అనేసింది, నాకు నిద్ర పట్టట్లేదు.

స్టాఫ్‌నర్స్_కాకినాడ
మొదటి ఏడాది అలాగే ఉంటుంది, మెదడుకీ అండాశయానికీ లంకె ఇంకా కుదురుకోలేదు. రెండు మూడేళ్లలో సర్దుకుంటుంది. ఈ వయసులో స్కానింగ్ చూసి పీసీఓఎస్ అనకూడదు. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా మెచ్యూర్ అయి ఎనిమిదేళ్లు నిండేదాకా స్కానింగ్‌ని ఆధారంగా తీసుకోవద్దనే చెప్పాయి. మూడు నెలలు దాటినా రాకపోతే, వారం దాటినా బ్లీడింగ్ ఆగకపోతే, గంటకో ప్యాడ్ తడిసిపోతే అప్పుడు తీసుకెళ్లండి. పాప ముందు పక్కింటావిడ మాటలు తీసుకురాకండి, పిల్లలు లోపల కుమిలిపోతారు.

ఇద్దరు_పిల్లల_తల్లి
మందులు అన్నారు కాబట్టి నాదీ చెప్తాను. చిన్నోడు పుట్టాక పీహెచ్‌సీలో అంతర ఇంజక్షన్ వేశారు, గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసేది. మొదట్లో ఎప్పుడు పడితే అప్పుడు చుక్కలు చుక్కలుగా కనిపించేది, తర్వాత పూర్తిగా ఆగింది. మా అత్తగారు చెడు రక్తం లోపలే పేరుకుపోతోందని ఒకటే గోల. ఏఎన్ఎం అక్క ఇంటికొచ్చి, ఆ ఇంజక్షన్‌తో లోపలి పొర పల్చబడుతుంది, బయటికి రావడానికి పేరుకునేదేమీ ఉండదని విడమర్చి చెప్పాక శాంతించారు.

డల్లాస్_దొండకాయ
నాకు 45. ఒక నెల 22 రోజులకి, ఒక నెల రెండు నెలలకి. మన దగ్గర ఆడవాళ్లకి సగటున 46, 47 ఏళ్లకే ముట్లు ఉడుగుతాయి, అమెరికా వాళ్లకి 51 దాకా. దానికి కొన్నేళ్ల ముందు నుంచే ఈ గందరగోళం మొదలవుతుంది. అర్ధరాత్రి ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు. ఇది 29 ఏళ్ల అమ్మాయి కథ కాదులే గానీ, జుట్టు మాత్రలు అని నర్సు గారు అన్నారు చూడండి, అది పట్టుకోండి. వాటిలో బయోటిన్ ఉంటుంది. దానివల్ల థైరాయిడ్ పరీక్ష రిపోర్టు తప్పుగా రావచ్చు. నాకు లేని థైరాయిడ్ ఉన్నట్టు చూపించింది. రక్తం ఇచ్చే ముందు రెండు మూడు రోజులైనా ఆపాలి.

మణికొండ_నైట్‌షిఫ్ట్
నర్సు అక్కా, ప్రెగ్నెన్సీకి అవకాశం లేదు. తలనొప్పి లేదు, చూపు బాగానే ఉంది. జుట్టు మాత్రలు వాడను.

నైట్ షిఫ్ట్ మొదలయ్యాక కడుపు ఉబ్బరం, తేన్పులు పట్టుకున్నాయి. ఒక డాక్టర్ పరగడుపున వేసుకునే గ్యాస్ క్యాప్సూల్ రెండు వారాలకి రాశారు. హాయిగా అనిపించి అప్పట్నుంచి షాపులో ఖాళీ స్ట్రిప్ చూపించి తెచ్చుకుంటూనే ఉన్నాను. గ్యాస్ మాత్రకీ దీనికీ సంబంధం ఏముంటుంది?

ఇంకొకటి, రాయడానికి మొహమాటంగా ఉంది. బ్రా లోపలివైపు రూపాయి బిళ్లంత మరకలు ఉంటున్నాయి, ఎండిపోయి గంజి పెట్టినట్టు గట్టిగా. ఏసీ లేని రూమ్, చెమటేమో అనుకున్నాను. మీరు అడిగాక నొక్కి చూస్తే తెల్లగా ఒక చుక్క వచ్చింది. భయంగా ఉంది.

మందులషాపు_చిన్నోడు
ఆడవాళ్ల చర్చ అని చదువుతూ ఊరుకున్నాను, ఇక చెప్పకపోతే తప్పు. అక్కా, ఆ స్ట్రిప్ తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి. రాబెప్రజోల్ లేదా పాంటోప్రజోల్ ఒక్కటే ఉందా, పక్కన లెవోసల్పిరైడ్ అని కూడా ఉందా?

మణికొండ_నైట్‌షిఫ్ట్
ఉంది. రాబెప్రజోల్ 20, లెవోసల్పిరైడ్ 75.

మందులషాపు_చిన్నోడు
అదే అయ్యుంటుంది. లెవోసల్పిరైడ్ మన ఒంట్లో డోపమిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది. అందుకే కడుపు త్వరగా కదిలి ఉబ్బరం తగ్గుతుంది. కానీ ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్‌ని అదుపులో ఉంచేది కూడా ఆ డోపమినే. ఆ అదుపు పోతే ప్రొలాక్టిన్ పెరిగిపోతుంది. బాలింతకి పాలు పడి నెలసరి రానట్టే, పిల్లల్లేని వాళ్లకి కూడా పాలు వచ్చి డేట్ తప్పుతుంది. డాంపెరిడోన్, వాంతులకి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. డాక్టర్ రెండు వారాలకి రాసింది నెలల తరబడి అమ్మడం మా వైపు తప్పు. మా కౌంటర్‌లో ఈ స్ట్రిప్ అడిగిన ఆడవాళ్లని చీటీ ఎప్పటిదని అడుగుతాను, కొందరు కోపంగా పక్క షాపుకి వెళ్లిపోతారు.

ఉప్పాడ_చీర
గ్యాస్ మాత్రకి ఇంత కథ ఉందా! మా ఆఫీసులో సగం డ్రాయర్లలో ఇవే ఉంటాయి. ఇప్పుడే వెళ్లి అందరివీ తిప్పి చూస్తాను.

స్టాఫ్‌నర్స్_కాకినాడ
చిన్నోడు సరిగ్గా పట్టుకున్నాడు. మణికొండా, భయపడకు. పాలలాంటి చుక్క అంటే క్యాన్సర్ అని కాదు. రక్తం కలిసి వచ్చినా, ఒకవైపే వచ్చినా, గడ్డ తగిలినా వెంటనే చూపించాలి. నువ్వు చెప్పినదాన్ని బట్టి అడగాల్సిన పరీక్షలు రెండు, ప్రొలాక్టిన్, థైరాయిడ్‌కి చేసే టీఎస్‌హెచ్. థైరాయిడ్ బాగా తగ్గినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది కాబట్టి రెండూ కలిపి చూడాలి. రక్తం ఇవ్వడానికి పరిగెత్తుకుంటూ వెళ్లకు. నిద్ర లేచిన వెంటనే వద్దు, ఒక గంటా రెండు గంటలు ఆగి వెళ్లు. ల్యాబ్‌లో కాసేపు కుదురుగా కూర్చో, ముందు రోజు జిమ్, రొమ్ములు నొక్కి చూడటం వద్దు. అవన్నీ ఆ హార్మోన్‌ని కొంత పెంచుతాయి. స్ట్రిప్ చేత్తో పట్టుకెళ్లి డాక్టర్‌కి చూపించు, "గ్యాస్ మాత్ర" అని నోటితో చెప్తే వాళ్లకీ తట్టదు. హార్మోన్ మాత్రలు అప్పటిదాకా మొదలుపెట్టకు. అవి వేసుకుంటే డేట్ వచ్చేస్తుంది, అసలు కారణం కప్పబడిపోతుంది.

ఇది చదివే మిగతా వాళ్లకి ఒక మాట. డిప్రెషన్‌కి, మానసిక సమస్యలకి, ఫిట్స్‌కి వాడే కొన్ని మందులు కూడా డేట్‌ని తప్పిస్తాయి. రిస్పెరిడోన్ ప్రొలాక్టిన్ పెంచుతుంది, ఫిట్స్‌కి ఇచ్చే వాల్‌ప్రోయేట్‌తో పీసీఓఎస్ లాంటి మార్పులు రావచ్చు. వాటిని ఎవరూ సొంతంగా ఆపొద్దు. ఫిట్స్ మాత్ర ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. రాసిన డాక్టర్‌తోనే మాట్లాడి మార్పించుకోవాలి.

వ్రతం_ఉంది_రేపు
మరి వాయిదా మాత్రలు? మా ఇంట్లో శ్రావణమాసం, పెళ్లిళ్లు, తిరుపతి, ఏదో ఒకదానికి వేసుకుంటూనే ఉంటాను. అందుకేనా నాకు కూడా అస్తవ్యస్తంగా ఉంది?

స్టాఫ్‌నర్స్_కాకినాడ
అది నోరెథిస్టెరోన్. ఏడాదికి ఒకసారి, డాక్టర్ చెప్పినట్టు వేసుకుంటే ఆపిన రెండు మూడు రోజుల్లో డేట్ వచ్చి, తర్వాత మామూలుగా నడుస్తుంది. నెల విడిచి నెల వేసుకుంటే మీ సొంత లెక్క ఏమిటో మీకే తెలియకుండా పోతుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, బాగా బరువున్నవాళ్లు షాపులో అడిగి వేసుకోకూడదు. శారీరక సంబంధం తర్వాత 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్ర కూడా అంతే, ఆ నెల డేట్‌ని ముందుకో వెనక్కో జరుపుతుంది.

వేపచెట్టు
అమ్మవారికి మన మీద లేని కోపాలన్నీ మనమే అంటగట్టి మాత్రలు మింగుతున్నాం. వచ్చే శుక్రవారం చేసుకోవచ్చు కదా వ్రతం.

కందిపచ్చడి
అత్తయ్యా, ఈ మాటకి మీకు రెండు చిమ్మిలి ఉండలు బాకీ.

పాలమూరు_బిడ్డ
మా అమ్మ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. 41 ఏళ్లు, పత్తి చేల కూలికి పోతది. ఏడాది నుంచి నెలకి రెండుసార్లు అవుతోంది, గడ్డలు గడ్డలుగా. మొహం పాలిపోయింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. టౌన్‌లో ప్రైవేటు ఆసుపత్రిలో ఒక్క స్కానింగ్ తీసి, గర్భసంచి తీసేయాలి, లేకపోతే క్యాన్సర్ అయితది అన్నారు. మా వాడకట్టులో ఆమె తోటి వాళ్లకి చానామందికి ఇప్పటికే తీసేశారు. అమ్మ కూడా "ఇద్దరు పిల్లలయ్యారు, ఇంకెందుకు, తీసేస్తే పీడ పోతది" అంటోంది. వచ్చే సోమవారం రమ్మన్నారు.

స్టాఫ్‌నర్స్_కాకినాడ
సోమవారం ఆపరేషన్‌కి తీసుకెళ్లొద్దు తల్లీ. అలాగని ఇంట్లో కూర్చోబెట్టొద్దు కూడా. ముందు హిమోగ్లోబిన్ చూడాలి. రక్తం తక్కువ కావడం వల్ల డేట్ తప్పిందని మన ఊళ్లల్లో అంటారు, ఇక్కడ జరిగింది తలకిందులు. బ్లీడింగ్ ఎక్కువై రక్తం తగ్గింది.

తర్వాత అసలు ఎందుకు అవుతోందో తేల్చాలి. ఫైబ్రాయిడా (గర్భసంచిలో కండ గడ్డ), పాలిపా (లోపలి పొర మీద పెరిగే చిన్న కండ), లోపలి పొర మందం అయిందా, థైరాయిడా, అండం విడుదల కాకపోవడమా. నలభై దాటాక లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. క్యాన్సర్ భయం ఉంటే తేల్చేది ఆ ముక్కే. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ కోసం చేసే పాప్ స్మియర్ పరీక్ష కూడా అడుగు. ఇవేవీ చేయకుండా క్యాన్సర్ పేరు ఎత్తడం తప్పు. చాలా కారణాలకి బ్లీడింగ్ తగ్గించే మాత్రలు, ఐరన్, ప్రొజెస్టెరోన్, లేదా గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ సరిపోతాయి. ఫైబ్రాయిడ్ పెద్దదై ఉండి మందులకి లొంగకపోతే ఆపరేషన్ అవసరమే, దాన్ని నేను కాదనను. ఆఖరి మెట్టు మొదటి మెట్టు కాకూడదంటున్నానంతే.

డల్లాస్_దొండకాయ
ఇది మన రెండు రాష్ట్రాల గోడు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మన ఆడవాళ్ల గర్భసంచులేమీ వేరే మట్టితో చేయలేదు కదా. 2023లో సుప్రీంకోర్టు కూడా అనవసరంగా గర్భసంచులు తీయడం మీద కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలని రాష్ట్రాలన్నీ అమలు చేయాలని తీర్పు ఇచ్చింది. అండాశయాలు కూడా తీసేస్తే 41 ఏళ్లకే ఒక్కసారిగా మెనోపాజ్. ఎముకలు, గుండె, అన్నింటి మీదా ప్రభావం. కూలి పని చేసే మనిషికి నడుము పోతే ఎవరు దిక్కు?

పాలమూరు_బిడ్డ
అమ్మకి చదివి వినిపించాను. "ముక్క తీస్తే నొప్పి ఉంటదా" అని అడుగుతోంది.

స్టాఫ్‌నర్స్_కాకినాడ
ఒక నిమిషం పాటు డేట్ నొప్పిలాగా పట్టేసినట్టు ఉంటుంది. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. పెద్ద ప్రభుత్వాసుపత్రి గైనిక్ ఓపీకి పొద్దున్నే వెళ్లండి. ఎన్ని రోజులకి అయింది, రోజుకి ఎన్ని బట్టలు మార్చింది, ఒక కాగితం మీద రాసుకెళ్లు. డాక్టర్‌కి ఆ కాగితం ఉంటే సగం పని అయినట్టే.

కొత్త_అల్లుడు
మా ఆవిడ తరఫున అడుగుతున్నాను. తనకి ఎప్పుడూ డేట్ సరిగ్గానే ఉండేది, బ్లీడింగ్ క్రమంగా తగ్గిపోయి ఇప్పుడు దాదాపు కనిపించట్లేదు. సాయంత్రం పూట జ్వరం వచ్చినట్టు ఉంటుంది, బరువు తగ్గింది. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం.

స్టాఫ్‌నర్స్_కాకినాడ
ఆలస్యం చేయకుండా తీసుకెళ్లండి బాబూ. ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్, తర్వాత థైరాయిడ్. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం అన్నారు కాబట్టి టీబీ సంగతి కూడా డాక్టర్‌తో చెప్పండి. మన దేశంలో గర్భసంచికి కూడా టీబీ వస్తుంది, దగ్గు ఉండాలనేం లేదు. లోపలి పొరని పాడుచేసి నెలసరిని తగ్గించేస్తుంది, పిల్లలు పుట్టకపోవడానికీ కారణమవుతుంది. తొందరగా పట్టుకుంటే మందులతో తగ్గుతుంది. తన తరఫున అడిగినందుకు సంతోషం. ఓపీలో లోపలికి కూడా తనతో పాటే రండి.

మణికొండ_నైట్‌షిఫ్ట్
అందరికీ అప్‌డేట్. వేరే గైనకాలజిస్ట్ దగ్గరికి స్ట్రిప్ పట్టుకుని వెళ్లాను. ప్రొలాక్టిన్ 140 దాటింది, రిపోర్టులో 25 లోపు ఉండాలని రాసి ఉంది. టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంది. ఆవిడ ఆ క్యాప్సూల్ ఆపించి, లెవోసల్పిరైడ్ లేని మామూలు గ్యాస్ మాత్ర కొన్నాళ్లకే రాశారు. షిఫ్ట్‌లో రాత్రి రెండింటికి తినే బిర్యానీ, కాఫీల గురించి గట్టిగా చెప్పారు. నాలుగు వారాల తర్వాత మళ్లీ పరీక్ష, అప్పటికీ దిగకపోతే పిట్యూటరీకి ఎంఆర్ఐ. పీసీఓడీ అన్న మాట ఇప్పటికి పక్కన పెట్టమన్నారు.

కందిపచ్చడి
అయితే నా నైట్ షిఫ్ట్ కూడా కేసులో ఉంది! షిఫ్ట్ వల్ల గ్యాస్, గ్యాస్ వల్ల మాత్ర, మాత్ర వల్ల ఇది.

మందులషాపు_చిన్నోడు
ఒప్పుకున్నాం అక్కా, సగం మార్కులు మీకే.

మణికొండ_నైట్‌షిఫ్ట్
రెండో రిపోర్టు వచ్చింది, ప్రొలాక్టిన్ 18. ఎంఆర్ఐ అక్కర్లేదన్నారు. మరకలు ఆగిపోయాయి, నిన్న డేట్ కూడా వచ్చింది, మునుపటిలాగే. ఇక నుంచి డేట్లు రాసుకోమన్నారు, మూడు నెలలు చూసి ఒకసారి కనిపించమన్నారు. మా హాస్టల్‌లో ఇద్దరి దగ్గర అదే క్యాప్సూల్ ఉంది, వాళ్లకి ఈ చర్చ చూపించాను. నర్సు అక్కకి, షాపు తమ్ముడికి ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. పాలమూరు చెల్లీ, అమ్మకి ఎలా ఉంది?

పాలమూరు_బిడ్డ
హిమోగ్లోబిన్ 7 ఉంది అక్కా. జిల్లా ఆసుపత్రిలో ఐరన్ ఎక్కించారు. బయాప్సీలో క్యాన్సర్ లేదు. లోపల చిన్న పాలిప్ ఉందట, అది తీసేశారు, గర్భసంచి జోలికి పోలేదు. వాడకట్టులో ఇంకో పిన్నికి కూడా ఆపరేషన్ డేట్ ఇచ్చారంట, ఆమెని రేపు అమ్మే వెంటబెట్టుకుని అదే ఓపీకి తీసుకుపోతోంది.